మూడో వాక్యం

నా చేతి మీదుగా అచ్చయిన వాక్యాల్లో నేను వెనక్కి తీసుకోవాలనుకున్నది ఒక్కటే. అది నా పేరుతో లేదు. కడప వైపు నుంచి సౌదీ వచ్చి, యాన్బు ఊళ్ళో ఇళ్ళు తుడిచే ఒకామె పేరుతో ఉంది. ఆమె ఆ మాట అనలేదు.

మా నాన్న యాన్బులో కాంట్రాక్టు టెక్నీషియన్. నా డిగ్రీ అయ్యాక అమ్మా నేనూ ఆయన దగ్గరికి వచ్చేశాం. అంతకుముందు నేను మా ఊరి లైబ్రరీ మేడ మీద, ఆదివారం చర్చల్లో పెరిగాను. జాతకాల మీద, బాబాల మీద, కులం మీద అక్కడ గొంతు బొంగురుపోయేదాకా వాదించుకునేవాళ్ళం. ఆ మేడకి రెండు నియమాలుండేవి. ఎవరేమన్నా 'నీకెలా తెలుసు?' అని అడగాలి. ఎదుటివాడు అనని మాటని వాడి నోట్లో పెట్టకూడదు. రెండోది తప్పినవాళ్ళు ఆ వారమంతా నోరు మూసుకుని కూర్చోవాలి. నేనెప్పుడూ అలా కూర్చోలేదు. పదిహేడేళ్ళకే ఒక వాస్తు సిద్ధాంతిని తడబడేలా చేసినదాన్ని. ఆ పొగరుతోనే ఇక్కడ ఉద్యోగంలో దిగాను.

ఇళ్ళకీ ఆఫీసులకీ పనివాళ్ళని గంటల లెక్కన పంపే కంపెనీ అది. అందులో పబ్లిక్ రిలేషన్స్ విభాగంలో మూడు నెలలకి ఇంటర్న్‌గా చేరాను. విభాగమంటే మా మేనేజరు, ఇప్పుడు నేను. ఆయన గుంటూరు మనిషి, పాతికేళ్ళుగా గల్ఫులో ఉన్నాడు. చేరిన రోజే డైరెక్టరు పేరుతో ఒక ప్రకటన రాయమన్నాడు. ఆయన్ని కలిసి అడిగి రాస్తానన్నాను. మేనేజరు కళ్ళజోడు తీసి పైనుంచి కిందికి చూశాడు.

"అమ్మాయ్, ఆయన నోరు తెరిస్తే వచ్చేవి తిట్లు. ఆ నోట్లోంచి 'మా ఉద్యోగులే మా ఆస్తి' అనిపించడానికే గదా మనిద్దరికీ జీతం."

ఈ పనిలో ఎవరి మాటా వాళ్ళది కాదు. మనం రాస్తాం, వాళ్ళు అన్నట్టు వేస్తాం. దానికొక అచ్చు కూడా ఉంది. మూడు వాక్యాలు. మొదటిది కృతజ్ఞత. రెండోది ఏదైనా ఒక చిన్న వివరం, నిజంలా కనిపించడానికి. మూడోది భవిష్యత్తు మీద ఆశ. మూడోది లేకపోతే మాట గాల్లో వేలాడుతుందని మేనేజరు అనేవాడు. మొదటి వారం ఎబ్బెట్టుగా ఉంది. రెండో వారానికి చెయ్యి తిరిగింది. డైరెక్టరుకి, ఒక స్కూలు ప్రిన్సిపాలుకి, ఇల్లు అద్దంలా మెరుస్తోందని మురిసిపోయే గృహిణికి, అందరికీ నేనే మాటలు తొడిగాను. ఒకసారి అచ్చులో చూసుకుని ఆ గృహిణి నేనే ఇంత బాగా చెప్పానా అని ఫోన్ చేసిందట. మేనేజరు నన్ను మెచ్చుకున్నాడు. మేడ మీది నియమం నాకు గుర్తు రాలేదని చెప్పను. వచ్చింది. అది వాదానికి సంబంధించింది, ఇది వ్యాపారం అని సర్దుకున్నాను. ఇలాగే సర్దుకునే పూజారిని అయితే నేను ఉతికి ఆరేసేదాన్ని.

రెండో నెలలో కంపెనీ పత్రికకి పనిచేసే ఆడవాళ్ళ మీద ఒక పేజీ వెయ్యాలన్నారు. ఆడవాళ్ళ వసతిలోకి మగవాళ్ళని రానివ్వరు కాబట్టి నన్ను పంపారు. బయల్దేరేముందు మేనేజరు ఒక కట్ట కాగితాలిచ్చాడు. అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఉన్న అంగీకార పత్రాలవి. మధ్యలో నాలుగంగుళాల ఖాళీ, కింద సంతకానికి గీత. ఆ ఖాళీలో వాళ్ళు చెప్పిన మాట రావాలి. ముందే సంతకాలు తెచ్చేయమన్నాడు, మాట తర్వాత మనం టైపు చేసుకోవచ్చట. మళ్ళీ అంత దూరం తిరగడం ఎందుకని. ఆఫీసులో అందరూ చేసే పద్ధతే. సంతకం ముందు, మాట తర్వాత.

వసతి ఊరి చివర. వ్యాను నడిపేది హైదరాబాదు ఆయన, పొద్దున్నే ఆడవాళ్ళని ఇళ్ళ దగ్గర దింపి సాయంత్రం ఎక్కించుకొస్తాడు. ఆ రోజు శుక్రవారం, సెలవు. గదికి ఆరు మంచాలు, ఒకదాని మీద ఒకటి. కడపామెది కింది మంచం. ఎనిమిది మందితో మాట్లాడాను గానీ ఆమె ఒక్కతే నన్ను ముందు ప్రశ్నలడిగింది. ఎవరి కూతురివి, ఏ ఊరు, నీకు సొంత ఇకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి కార్డు, ఉందా, లేక నాయన మీద వచ్చినావా. మంచం కింద ఒక పెద్ద పెట్టె, తాడు కట్టి సిద్ధంగా ఉంది. ఆమె రెండేళ్ళ కాంట్రాక్టు ఇంకో ఆరు వారాల్లో అయిపోతుంది. ఖురూజ్‌కి, అంటే దేశం వదిలి ఇంటికి పోయే అనుమతికి, అర్జీ ఇచ్చేసింది. ఇక్కడ ఆ కాగితం లేకుండా విమానం ఎక్కలేరు.

ఎందుకు వెళ్ళిపోతున్నావక్కా అని అడిగాను. పత్రికకి ఒక వివరం కావాలి గదా.

"ఆఫీసోళ్ళూ అదే అడిగినారు. ఒప్పుకున్న పని అయిపాయ, పోతాండా. బస్సు దిగేటోన్ని యాల దిగుతాండావని అడుగుతారా పాపా ఎవరన్నా?"

లైబ్రరీ మేడ మీద ఇంత సూటైన వాదం నేను వినలేదు. తర్వాత, టీ ఇచ్చాక, గొంతు తగ్గించి చెప్పింది. కూతురు పది రాసింది. జూన్‌లో ఇంటర్ హాస్టల్లో చేరాలి. నేనే చెయ్యి పట్టుకొని పోయి చేర్పిస్తానని మాటిచ్చిందట. ఆ పెట్టెలో కూతురి హాస్టల్ మంచానికి ఒక దుప్పటి కూడా ఉంది, నీలం పూలది. అది కారణం గదా, ఆఫీసులో చెప్పొచ్చు గదా అన్నాను. అది వాళ్ళకెందుకన్నది. నా బిడ్డ సంగతి ఆ బల్ల మీద ఎందుకు పెట్టాల?

ఫోటో మాత్రం వద్దంది. పోయేదాని ఫోటో ఎందుకంది. ఇక్కడ నేను నా విద్య చూపించాను. పేజీలో నీ ఫోటో చూస్తే పెద్దవాళ్ళు నువ్వు మంచి పనిమనిషివని గుర్తుపడతారు. గుర్తుపట్టినవాళ్ళ అర్జీ ముందు కదులుతుంది. కదలకపోయినా నష్టం లేదు. లాభం ఉండొచ్చు, నష్టం ఉండదు, మరెందుకు వద్దు? అంచెలంచెలుగా కట్టాను, ఎక్కడా సందు లేదు. ఆ వాదంలో మొదటి మెట్టుకి ఆధారం ఏమిటని నన్ను అడిగేవాళ్ళు ఆ గదిలో లేరు. నన్ను నేనూ అడగలేదు.

ఆమె కొంగు సర్దుకుని, దువ్వెనతో ముందు జుట్టు అదుముకుని మంచం మీద నిటారుగా కూర్చుంది. ఫోటో తీశాను. తర్వాత కాగితం మోకాలి మీద పెట్టుకుని, తెలుగులో, ఒక్కో అక్షరం ఆగి ఆగి, నాలుక పంటి కింద పెట్టుకుని సంతకం చేసింది. పాస్‌పోర్టు కోసం నేర్చుకున్న సంతకమట. కాగితం ఇస్తూ అడిగింది.

"నేను పోవాలనుకుంటాండానని రాస్తావు గదా?"

రాస్తానన్నాను.

రాశాను కూడా. నా మొదటి ప్రతిలో మూడో వాక్యం 'పని పూర్తిచేసుకుని సంతోషంగా ఇంటికి వెళ్తున్నాను' అని ఉంది. అదీ భవిష్యత్తే గదా. మేనేజరు ఎర్ర కలంతో కొట్టేశాడు. వెళ్ళిపోయేవాళ్ళ మాట మన పత్రికలో వేస్తే పెళ్ళి ఇంట్లో చావు కబురు పంచినట్టుంటుందని నవ్వాడు. మిగతా ఏడుగురికీ ఎలా రాశావో దీనికీ అలాగే రాసెయ్ అన్నాడు. నేను పోట్లాడలేదు. మధ్యాహ్నం భోజనానికి ముందు రెండు నిమిషాల్లో టైపు చేసేశాను: 'రాబోయే కాలంలో కూడా ఈ కుటుంబంలో భాగంగా కొనసాగాలని కోరుకుంటున్నాను.' అదే మాట అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఆమె సంతకం పైనున్న నాలుగంగుళాల ఖాళీలోకి వెళ్ళింది. అలంకారం గదా అనుకున్నాను, ఇలాంటివి ఎవరు చదువుతారు?

చదివేవాళ్ళుంటారు. కాగితం అవసరమైనవాళ్ళు ప్రతి వాక్యమూ చదువుతారు.

పత్రిక వచ్చిన పది రోజులకి, ఒక గురువారం సాయంత్రం, ఆ వ్యాను డ్రైవరు నన్ను ఇంటి దగ్గర దింపుతూ బండి ఆపేసి కూడా తలుపు తీయలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని చెప్పాడు.

"ఆ కడపామె ఖురూజ్ క్యాన్సిల్ జేసిండ్రు మేడం. మీ పేపర్ల ఆమెనే ఉంటనని చెప్పిందంట గదా. సంతకం గూడ ఉన్నదంట. పొద్దుగాల బండిల అందరు ముబారక్ అంటున్నరు, ఆమె కిటికీ దిక్కు మొగం తిప్పుకున్నది."

ఆదివారం ఆఫీసు తెరవగానే పర్సనెల్ విభాగానికి పరిగెత్తాను. అక్కడి గుమాస్తా మర్యాదస్తుడు. ఫైలు తెరిచి చూపించాడు. అర్జీ మీద నా కాగితం పిన్ను కొట్టి ఉంది. మనుషుల కొరత ఉంది, ఆమె స్వయంగా ఉంటానని రాసిచ్చింది, కాబట్టి ఇంకో ఏడాదికి పొడిగిస్తున్నాం. ఇంకా కంప్యూటర్లో ఎక్కలేదు, ఈ వారంలో ఎక్కుతుంది. ఇది ఆమె మాట కాదని రాసినవాళ్ళే కాగితం మీద పెడితే ఆపి పైవాళ్ళని అడుగుతానన్నాడు. అంతకన్నా తేలిక దారి ఇంకేముంటుంది?

ఒక అరపేజీ. 'ఈ వాక్యం నేను కల్పించాను. సంతకం చేసేటప్పుడు ఆ చోటు ఖాళీగా ఉంది.' నా బల్ల దగ్గరికి వచ్చి రాశాను కూడా. మేనేజరు భుజం మీదుగా చదివి, కోపం తెచ్చుకోకుండా, కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఈ కాగితం పోతే ఎనిమిది కాగితాలూ పోతాయి, ఈ నాలుగేళ్ళలో నేను తెచ్చినవన్నీ పోతాయి, నీ సర్టిఫికెట్టు సంగతి నువ్వే ఆలోచించుకో అన్నాడు. నా ఇంటర్న్‌షిప్‌కి ఇంకా పన్నెండు రోజులున్నాయి.

"వారం ఆగు తల్లీ. నేను మాట్లాడతాగా. నోటితో అయ్యేదానికి కాగితం దేనికి?"

నేను ఆగాను.

ఈ ఆగడం గురించే ఇదంతా రాస్తున్నాను. మాట్లాడతానంటే ఎవరితో, ఎప్పుడు, ఇంతకుముందు ఎవరికైనా అలా మాట్లాడి పని చేయించావా, ఈ మూడింటిలో ఒక్కటీ అడగలేదు. తాయెత్తు కట్టుకున్నవాడి పక్కన కూర్చుని 'నీకెలా తెలుసు' అని గంటసేపు పీడించిన నేను, ఆయన మాటని తాయెత్తులా కట్టుకున్నాను. అది నిజం కావడం నాకు అవసరం. మూఢనమ్మకం చదువులేనివాళ్ళ జబ్బని మా మేడ మీద అనుకునేవాళ్ళం. కాదు. అది అవసరంలో ఉన్నవాళ్ళ జబ్బు. చదువుకున్నవాళ్ళకి వస్తే ఇంకా ముదురుతుంది, ఎందుకంటే దానికి కారణాలు కూడా చెప్పగలరు.

తరువాతి ఆదివారం వెళ్ళి అడిగితే గుమాస్తా కంప్యూటరు నా వైపు తిప్పాడు. గురువారమే ఎక్కింది. ఏడాది. మా మేనేజరు గానీ ఇంకెవరు గానీ వచ్చి మాట్లాడలేదన్నాడు. నా అరపేజీ అప్పుడిచ్చాను. రెండుసార్లు చదివి, తేదీ వేసి, ఫైలు అడుగున పెట్టాడు. ముందొస్తే పనికొచ్చేదమ్మా అని మాత్రం అన్నాడు. కోపంగా కాదు, బస్సు వెళ్ళిపోయిందని చెప్పినట్టు.

మళ్ళీ శుక్రవారం వసతికి వెళ్ళాను. పత్రిక పట్టుకెళ్ళాను. గదిలో అందరూ ఉన్నారు. ఆమె ఫోన్లో మాట్లాడుతోంది, పిన్నమ్మతో పో, ఫీజు రసీదు జాగర్త, అని కూతురికి చెబుతోంది. పెట్టేశాక నా వైపు చూసింది. ఆ పేజీలో తన పేరుతో ఏముందో ఎవరూ ఆమెకి తెలుగులో చెప్పలేదు. నేను తెలుగులో చదివాను. మూడు వాక్యాలూ. తర్వాత ఇది నేను రాశానని, నీ సంతకం తీసుకున్నాక రాశానని, ఆఫీసులో వారం ఆలస్యంగా ఒప్పుకున్నానని చెప్పాను.

పై మంచం మీదామె నిట్టూర్చి, ఖర్మ, ఎవరేం జేస్తారు అంది. ఒళ్ళు మండింది. ఖర్మ అనేది చేసినవాడి పేరు మింగేసే మాట. దాన్ని కడిగెయ్యడానికే నేను పుట్టాననుకునేదాన్ని. ఖర్మ కాదు, నేను చేశాను అని గట్టిగా అన్నాను. ఆ గదిలో అది కూడా ఉపన్యాసంలాగే వినిపించింది. ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు.

కడపామె పత్రిక తీసుకుని తన ఫోటో చూసింది.

"బాగా రాసినావు పాపా. చదువుకున్నోళ్ళు రాసినట్టే ఉండాది. మా పాప గూడ ఇట్లనే రాయాలని ఈడికొచ్చినా."

ఎగతాళో నిజమో నాకిప్పటికీ తెలియదు. అడిగే హక్కు లేదు. ఆమె కిందికి వంగి పెట్టె బయటికి లాగింది. ముడి బిగుసుకుపోయింది, పళ్ళతో పీకి విప్పింది. పైనే ఉన్న నీలం పూల దుప్పటి తీసి, ప్లాస్టిక్ కవరు చింపి, తన మంచం మీద పరిచింది. రెండో కొస గోడ వైపు అందలేదు. ఆ కొస పట్టుకోమంది. పట్టుకున్నాను. ఇద్దరం కలిసి దాన్ని పరుపు కిందికి దోపాం.