మా నాయన కుంచె, ట్యూనరు పెట్టె, చర్చి పియానో

మా చిన్నప్పుడు... తిరుత్తణిలో మా చర్చి పియానో మీటలు ఒకదాని తర్వాత ఒకటి చెడిపోయాయి. మొదట జరిగినవి వరుసలో రాస్తున్నాను.

1. ఆగస్టులో ఒక శనివారం, మగ్గం నేసే మా నాయన ఇంట్లో చేసిన పనిముట్లతో ఆ పియానోను శుభ్రం చేశాడు.

2. తర్వాతి వారం మదరాసు నుంచి ట్యూనరు జేకబు వచ్చి, దాన్ని విప్పి, శ్రుతి సరిచేసి వెళ్ళాడు.

3. అక్టోబరులో ఐప్పసి వానలు మొదలయ్యేసరికి ఎనిమిది మీటలు నొక్కితే స్వరంతో పాటు టక్కుమని కొయ్య మోత వినిపించసాగింది.

4. పాస్టరయ్య పియానోకు తాళం వేశాడు. "కారణం తేలేదాకా ఎవురూ ముట్టబాకండి. క్రిస్మసుకు టేపురికార్డరు పెట్టుకుందాం" అన్నాడు.

ఆ నాలుగోది మా ఇంటికి తగిలింది... ఆ పియానో వాయించేది మా ఎస్తేరక్క. ఊరు విడిచి వెళ్ళిన దొరసాని దగ్గర నేర్చుకుంది. ఆ ఏడు క్రిస్మసు ఆరాధన మొత్తం తనే వాయించాలి. తాళం పడ్డ రోజు నుంచి అక్క అన్నం సరిగా తినలేదు.

నాయన పనిముట్లు మూడు. మగ్గంలో దువ్వెనలా ఉండే అచ్చు పళ్ళ సందుల్లోంచి పోగు లాగే ఇత్తడి కొక్కెం... మీటల మధ్య పడిన గుండుసూదులను అది సునాయాసంగా పైకి తెచ్చేది. సైకిలు పంపుకు ట్యూబు ముక్క తొడిగి చేసిన ఊదుడు గొట్టం. మూడోది కుంచె. పడుగు నూలుకు గంజి పట్టించి దువ్వే పెద్ద కుంచె అరిగిపోతే, దాన్ని బెత్తెడుగా కోసి, కొత్త పిడి కట్టాడు. కడిగితే నార బిరుసు పోతుందని కడగలేదు. రెండు రోజులు ఎండలో పెట్టి, రాయికేసి దులిపాడు. అంతే.

జేకబు వచ్చినప్పుడు అవి పియానో మీదే ఉన్నాయి. ఆయన తోలుపెట్టెలో ఇంగ్లండు సీమ నుంచి తెప్పించిన సామాను... తీగలు బిగించే మేకులు తిప్పే పొడుగాటి తాళంచెవి, సన్నని పట్టకార్లు, మెత్తని బ్రష్షులు, అన్నిటికీ వేర్వేరు గుడ్డ సంచులు.

"ఏమన్నా, పియానోకు చీర నేస్తా ఉండావా?" అన్నాడు కొక్కెం ఎత్తి చూపిస్తూ.

"నీ పెట్టెలో ఉండేవి గూడా ఎవురో ఒకరు చేసినవే గదా అబ్బయ్యా" అన్నాడు నాయన.

ఇద్దరూ నవ్వారు. నాకు మాత్రం ఆ నవ్వు నచ్చలేదు.

తాళం పడ్డాక నేను లెక్కల నోటు చివరి పేజీలో జేకబు మీద అనుమానాలు రాశాను. ఒంటరిగా పనిచేస్తానని మమ్మల్ని బయటికి పంపడం... పెట్టె మూత సగమే తెరవడం... 'ఏడాదిలోగా నన్ను మళ్ళీ పిలుస్తారు' అనడం... అన్నిటికన్నా పెద్దది, ఆయన కాఫీకి వెళ్ళినప్పుడు పెట్టెలో నేను చూసిన పచ్చని కంబళి బిళ్ళలు. మా పియానో మీటల కింద, కొయ్య మోత రాకుండా వేసినవి సరిగ్గా అలాంటివే; నాయన శుభ్రం చేసేటప్పుడు చూశాను. మంచివి తీసుకుని పాతవి పెట్టాడని తేల్చేసి, ఆ పేజీ నాయనకు చదివి వినిపించాను. నాయన దాన్ని మరోసారి చదివించుకున్నాడు. ఆ తర్వాత నమ్మాడు...

నవంబరులో పాస్టరయ్య జేకబును మళ్ళీ పిలిపించాడు. చర్చిలో నాయన, అక్క, నేను, పాస్టరయ్య, జేకబు.

"పని ఆనక. ముందు ఆ పెట్టె తెరువు" అన్నాడు నాయన.

"ఏంటికన్నా?"

"మా బిళ్ళలు యాడ పెట్టినావో చూడాల."

"నాయనా, అట్ల అనబాకు" అని అక్క ఆయన చేయి పట్టుకుంది.

జేకబు ముఖం ఎర్రబడింది. అయినా పెట్టె మొత్తం నేల మీద గుమ్మరించాడు. పచ్చని బిళ్ళలు కాగితం పొట్లంలో, దారంతో కట్టినవి కట్టినట్టే, కొత్తవి. తర్వాత పియానో ముందు పలక ఊడదీసి, మోత వచ్చే మీట ఒకటి పైకి తీశాడు. దాని కింద బిళ్ళ సగం కొరికేసి ఉంది. పక్కన బొద్దింక రెట్టలు, తెల్లటి పొడి.

"బొద్దింకలు తినేసినాయి. ఇన్నేండ్లు లేంది ఇప్పుడు ఏంటికి వచ్చినాయో తెలీలే. ఈ పొడి ఏందో గూడా తెలీలే" అన్నాడు జేకబు.

నాయన ఆ పొడిని బొటనవేలితో నలిపాడు. నాలుకకు తాకించుకున్నాడు. మా అందరిలో దాన్ని గుర్తుపట్టగలిగినవాడు ఆయన ఒక్కడే. ఊరుకుని ఉంటే అక్కడ ఎవరికీ ఏమీ తెలిసేది కాదు...

"గంజి" అన్నాడు. "మా ఇంటి గంజే. నా కుంచెలోంచి రాలింది. దీని కోసరమే బొద్దింకలు వచ్చినాయి. తప్పు నాది అయ్యా. బిడ్డ ఏం చేయలే, ఆమెను వాయించనీండి."

ఆ తర్వాత జేకబు వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. జేకబు ఆ చేతులు పట్టుకుని దించేశాడు. "కొక్కెం వాడుకోన్నా, అట్లాంటిది నా దగ్గర లేదు. కుంచె మాత్రం వద్దు" అన్నాడు.

నా జాబితాలో ఆయన మీద నాలుగు అనుమానాలు ఉన్నాయి. మా కుంచె మీద ఒక్కటి కూడా లేదు. ఆ పేజీ చింపేశాను. కానీ ఆయనకు క్షమాపణ చెప్పలేదు. అది ఇప్పటికీ బాకీయే.

బిళ్ళలు మార్చారు. క్రిస్మసు ఉదయం అక్క వాయించింది. నాయన మాత్రం అందరికన్నా వెనక, తలుపు దగ్గర నిలబడి విన్నాడు...

ఇప్పుడు ఆ చర్చిలో కీబోర్డు ఉంది. శుభ్రం చేసే సామాను ఆర్డరు పెడితే ఇంటికే వస్తుంది. చెడిపోతే ఎవరూ విప్పరు, కొత్తది తెచ్చేస్తారు. ఎవరినీ అనుమానించే పని లేదు... 'ఇది నా వల్లే' అని నలుగురిలో చెప్పే అవసరమూ ఎవరికీ రావడం లేదు.

మీ ఇంట్లో చేసుకున్న పనిముట్టు ఏదైనా ఇలా మీ తప్పే మీకు చూపించిందా? మీరు అకారణంగా శంకించిన మనిషి ఎవరైనా ఉన్నారా? ఉంటే కింద రాయండి... నేను అన్నీ చదువుతాను.

ఉదయం ఆరు గంటల పది నిమిషాలు.
కొండేటి శామ్యూల్ ప్రభాకర్