ఢిష్యుం లేని ఫైటింగ్

మా చిన్నప్పుడు... తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ అంటే బడి లేదు. కొత్తపేటలో మా గల్లీ నిండా పిల్లలమే. అన్నం తినగానే ఫైటింగ్ ఆట మొదలు...

కర్ర కత్తులు, అట్టముక్కల డాళ్లు. ఆడపిల్లనైనా విలన్ వేషం నాదే, ఎవరికీ ఇచ్చేదాన్ని కాదు. గాల్లో తిరిగి ఇసుక కుప్ప మీద పడటంలో నన్ను మించినవాళ్లు లేరు. "బయట లొల్లి సాలదా, మళ్ల మీదొకటి" అని అమ్మ రోజూ అక్షింతలు వేసేది.

కానీ దెబ్బకు ప్రాణం పోసేది వంశీ. మా పైన కిరాయికి ఉండే గుంటూరు వాళ్ల అబ్బాయి. వాడు నోటితో ఢిష్యుం అంటే చాలు... తగలని దెబ్బకు కూడా పడిపోయేవాళ్లం.

ఒకరోజు మెయిన్ రోడ్డు మీద బస్సు అద్దాలు పగిలాయి. వాళ్లమ్మ భయపడి వంశీని గడప దాటనివ్వలేదు. ఊరికి వెళ్లిపోదామని అంకుల్‌తో అంటోందట. నాకు అన్నం సయించలేదు. వాడు పోతే మళ్లీ రాడని ఒకటే ఏడుపు.

ఏడ్చి లాభం లేదనుకున్నాను. మర్నాడు అందరినీ పోగేసి, తట్టలతో ఇసుక మోయించి, ఫైటింగ్‌ను వాళ్ల బాల్కనీ కిందికి మార్చాను.

సౌండ్ లేని ఆట ఉప్పు లేని పప్పులా ఉంది. పైన ఊచల మధ్య వంశీ ముఖం... పెదాలు కదులుతున్నాయి, ఆగిపోతున్నాయి. నేను కావాలనే చప్పగా పడ్డాను. ఇక వాడి వల్ల కాలేదు.

"ఢిష్యుం!"

గల్లీ దద్దరిల్లింది. నేను ఎగిరి ఇసుకలో పడి, కదలకుండా చచ్చిపోయాను. చప్పుడు విని ఆంటీ పరుగున కిందికొచ్చింది. నన్ను చూసి, లేవవే తల్లీ అని భుజం పట్టి కుదిపింది.

నేను ఒక కన్ను తెరిచాను. "మా ఫైటింగ్‌ల సచ్చినోళ్లు కూడ లేస్తరు ఆంటీ. లేవకుంటే రేపు ఎవరితోని ఆడాలె?"

ఆంటీ మెట్టు మీద కూలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఒరేయ్ వంశీ, దిగి రారా. నువ్వు లేకపోతే వీళ్లకి ఆట సాగేలా లేదు" అంది.

గెలిచాం! వాళ్లు ఊరికి వెళ్లలేదు. అమ్మ కూడా ఆ తర్వాత మా ఫైటింగ్‌ను తిట్టలేదు. బయటి దెబ్బలకు బెదిరిపోయిన మాకు ఆ ఉత్తుత్తి దెబ్బలే ధైర్యం ఇచ్చాయి.

ఇప్పుడు మా అన్న కొడుకు ఫోన్‌లో రోజూ ఎంతమందినో చంపుతాడు... చెవుల్లో ఇయర్‌ఫోన్స్. బ్రహ్మాండమైన సౌండే, కానీ వాడొక్కడికే వినిపిస్తుంది. ఇసుకలో పడేవాళ్లే లేరు.

వంశీ మాత్రం నేటికీ ఫోన్ చేస్తే హలో అనడు... ఢిష్యుం అంటాడు. ఆఫీసులో ఉన్నా సరే, నేను కుర్చీలో వెనక్కి పడతాను.

మరి మీ గల్లీలో అందరికంటే బాగా పడేది ఎవరు?