ఆవగింజా, పొగాకు గింజా

మా తాత హోబర్ట్‌కు రెండే సరదాలు: పొగాకు పండించడం, ఆదివారం ఉదయం చర్చిలో పిల్లలకు బైబిలు పాఠం చెప్పడం. మొదటిదానికి ఒళ్ళు వంచాలి కాబట్టి రెండోదే ఎక్కువ ఇష్టమని మా అవ్వ ఓపల్ అనేది.

అది ఎనభయ్యో దశకం. కెంటకీలో బాప్టిస్టులందరిదీ ఒకటే తగువు: బైబిల్లో తప్పుందా, లేదా? మా చర్చిలో మాత్రం తగువే లేదు. తప్పు లేదనే అందరి మాటా. అందరికంటే గట్టిగా అనేది అవ్వ. అలాంటి చోట ఒక ఆదివారం పాఠం మధ్యలో తాత అరచెయ్యి చాపాడు. అందులో ఒక ఆవగింజ, ఒక పొగాకు గింజ.

"బైబిల్లో ప్రభువేమో గింజలన్నిట్లోకీ ఆవగింజే చిన్నదన్నాడు. మరి ఇదేంట్రా?"

ఆ మాట అన్న ఊపిరికే పొగాకు గింజ ఎగిరిపోయింది. ఆవగింజ కదల్లేదు.

మా ఊళ్ళో పొగాకు గింజ వేళ్ళకు చిక్కదని బూడిదలో కలిపి నారుమడిలో చల్లుతారు. పిల్లలం పకపకా నవ్వాం. కొందరు ఇళ్ళకెళ్ళి, "హోబర్ట్ తాత బైబిల్లో తప్పు చూపించాడు" అని చెప్పారు. ఇంకేముంది, బుధవారం ప్రార్థన తర్వాత సంఘం కూర్చుని తాత చేత పాఠం మాన్పించాలో వద్దో తేల్చాలన్నారు. అప్పటిదాకా తాతకు మొక్కజొన్న రొట్టె సయించలేదు. అవ్వ పలకరించనూ లేదు.

బుధవారం పాస్టరు కెల్విన్ గారు మెల్లగా అడిగారు.

"హోబర్ట్ గారూ, నేనూ మా నాన్నతో నారుమళ్ళు చల్లినవాణ్ణే. ఏది చిన్నదో నాకూ తెలుసు. ఒక్కటి చెప్పండి. ప్రభువు మాట తప్పంటారా?"

తాత టోపీని చేతుల్లో నలిపాడు. "ఆయన తప్పు చెప్పడండీ. గింజా అబద్ధమాడదు. రెండూ ఎలా కుదురుతాయో నాకు తెలీదు."

"తెలీనోడికి పాఠమెందుకు?" అన్నాడు సంఘపెద్ద లూథర్.

అప్పుడు అవ్వ లేచింది. ఇక తన పని అయిపోయిందని తాత తల దించుకున్నాడు.

"లూథరూ, ఈయన్ని నేను రోజూ ఏమంటాను?"

"ప్రపంచంలోకెల్లా సోమరి అంటావు. మా పశువుల పాక దాకా వినిపిస్తుంది."

"అది అబద్ధమా?"

"కాదు" అని చాలా బల్లల నుంచి వినిపించింది. నేనూ అన్నాను.

"మరి ప్రపంచమంతా తిరిగి కొలిచొచ్చానా? నా ఎరికలో ఇంతకంటే సోమరి లేడని అర్థం. మీకు తెలిసింది కదా? ప్రభువూ అంతే. తన ముందు కూర్చున్న రైతులు చల్లే గింజల్లో చిన్నది చూపించాడు. వాళ్ళలో పొగాకు వేసినోడు ఎవడయ్యా? బైబిల్లో తప్పు లేదు, నా నోట్లోనూ లేదు. ఈయన పాఠం చెప్పాలన్నవాళ్ళు చెయ్యెత్తండి."

అందరూ ఎత్తారు. లూథర్ సగం ఎత్తాడు. తీర్పు తన మీదేనని మరిచి తాతా ఎత్తాడు.

ఇంటికెళ్ళే దారిలో తాత గొణిగాడు. "ఓపల్, నేను నిజంగా ప్రపంచంలోకెల్లా..."

"బైబిలు వాక్యంలా నమ్ము."

ఆ మార్చిలో, మా ఊళ్ళో అందరిలాగే, పొగాకు నారుమడి అంచున ఆకుకూర కోసం ఆవాలు చల్లాం. చల్లింది అవ్వ. ఏది ముందు మొలుస్తుందో చూడాలని తాత గట్టు మీద కూర్చున్నాడు.