ఎల్వా మోచేతి ఎత్తు

ఓరిన్ కోర్కమ్‌కి నోట్లో మేకులు పెట్టుకుని పనిచేసే అలవాటు. వడ్రంగుల్లో చాలామందికి ఉండేదే. కాకపోతే ఈయన మేకులు అయిపోయాక కూడా నోరు తెరవడు. ఆయనతో వచ్చిన చిక్కల్లా అదే.

మా రేవు చుట్టుపక్కల వంటిళ్ళలో సగం ఆయన చేతుల మీదుగా లేచినవే. ఆయన పద్ధతి ఆయనది. టేపు తెచ్చేవాడు కాదు. సన్నటి చెక్క బద్ద ఒకటి పట్టుకొచ్చి, ఇంటావిడని దాని పక్కన నిలబెట్టి, మోచెయ్యి ఎక్కడికొస్తే అక్కడ పెన్సిలుతో ఒక గీత, చెయ్యి చాస్తే అందేచోటికి ఇంకో గీత గీసుకుని వెళ్ళిపోయేవాడు. "నీకెలా కావాలి?" అని ఏ ఆడమనిషినీ అడిగిన పాపాన పోలేదు. అయినా కట్టిన వంటగట్టు ఒంటికి అతికినట్టు కుదిరేది. మా అమ్మ రొట్టెల పిండి పిసికిన గట్టు ఆయన కట్టిందే, నడుం నొప్పి అన్న మాట ఆవిడ నోట నేను వినలేదు. ఇక ఆయన సొంతింట్లో చెంచాల సొరుగుకి పిడి లేదు. ఆయన భార్య ఎల్వా దాన్ని వెన్న రాసే కత్తి దూర్చి లాగేది.

మాటలన్నీ ఎల్వాకే వచ్చాయి. నేను తెరచాపలు కుట్టి బతుకుతాను. నా కుట్టు గది వెండెల్ పడవల యార్డు పక్కనే. మధ్యాహ్నం టీ వేళకి ఎల్వా వచ్చి నా గుడ్డల మూట మీద కూర్చుందంటే ఇక సూది కదిలేది కాదు.

మా రేవులో సూటిగా అడగడం, సూటిగా చెప్పడం రెండూ మర్యాద తక్కువ పనులు. ఇంట్లో పంచదార నిండుకుంటే పక్కింటికి వెళ్ళి పొగమంచు గురించి మాట్లాడాలి. ఆ ఇంటావిడే అర్థం చేసుకుని గిన్నె నింపి ఇస్తుంది. మొగుడూ పెళ్ళాల మధ్య కూడా ఇదే తంతు. ఇలా బతికి బాగుపడినవాళ్ళని నేను చూడలేదు, మానుకున్నవాళ్ళనీ చూడలేదు.

వాళ్ళకో పాత తెరచాప పడవ ఉంది. చెక్కది, నా కంటే వయసులో పెద్దది. పేరు హేజెల్, అంటే ఓరిన్ వాళ్ళమ్మ పేరు. ప్రతి వేసవీ మొగుడూ పెళ్ళాలు దాన్నేసుకుని దీవుల్లో తిరిగొచ్చేవాళ్ళు. ఆయన పైన చుక్కాని దగ్గర, ఆవిడ కింద పొయ్యి దగ్గర. ఎవరి పడవలో చూసినా అంతే.

"మా అత్తగారి సంగతి చెప్పనా గ్రెటా," అనేది ఎల్వా. "బతికున్నన్నాళ్ళూ తన వంటింట్లోకి నన్ను అడుగు పెట్టనివ్వలేదు. పడవై పుట్టి ఇప్పుడు బయటికి రానివ్వడం లేదు. ముప్పై ఏళ్ళు ఆవిడ కడుపులో కూర్చుని వండాను."

"మరి ఓరిన్ ఏం చేస్తాడు పైన?"

"సముద్రాన్ని కాపలా కాస్తాడు. 'పైనేం కనిపిస్తోందయ్యా' అని కింద నుంచి అరుస్తానా, 'నీళ్ళు' అంటాడు. ముప్పై ఏళ్ళూ నీళ్ళేనే తల్లీ!"

ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్ళం.

కిందటేడు చలికాలంలో ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, కుడికాలు కాస్త ఈడుస్తుంది. మాట మాత్రం తొందరగానే తిరిగొచ్చింది. "దేవుడికి నా నోటితో పెట్టుకునే ధైర్యం లేదు," అంది ఆస్పత్రి మంచం మీదే. ఆ వేసవి హేజెల్ నీళ్ళలోకి దిగలేదు.

ఈ ఏడు మంచు కరిగి, యార్డులో పడవల మీద కప్పిన పట్టాలు తీస్తున్న రోజుల్లో ఇద్దరూ నా గదికి వచ్చారు. ఓరిన్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎల్వా నావైపు తిరిగి అంది: "గ్రెటా, ఆయనతో చెప్పు. నేను ఆ వంట గుంటలోకి మళ్ళీ దిగను. పడవ అమ్మేసుకోమను."

ఆయన అక్కడే ఉన్నాడు, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడు తిన్నగా యార్డు యజమాని వెండెల్ దగ్గరికెళ్ళి, "ఈ వేసవికి ఆవిడ ఎక్కితే సరే, లేకపోతే కొనేవాణ్ణి చూడు," అన్నాడట. ఆ ముక్క నాకు చెప్పింది వెండెలే. ఎల్వా లేకుండా ఆ పడవలో ఓరిన్ ఒక్కడూ తిరగడమన్నది మాలో ఎవరికీ ఊహకి అందలేదు. ఆయనకి అసలే అందలేదు.

మర్నాటి నుంచి హేజెల్ లోపల సుత్తి చప్పుడు మొదలైంది. ఆయనకి అర్థమైంది ఏమిటంటే, తప్పంతా గుంటది. ఒంటిచేత్తో ఆవిడ అక్కడ నెగ్గుకురాలేదు. కాబట్టి గుంటని బాగుచెయ్యాలి. నేనూ అలాగే అనుకున్నాను, వెండెల్ కూడా అంతే.

పాత వంటమూల మొత్తం పీకి పారేశాడు. నాని మెత్తబడ్డ గట్టు, మూత పడని ఐసు పెట్టె, ముప్పై ఏళ్ళ కిరసనాయిలు మసి, అన్నీ నిచ్చెన దిగి కిందికొచ్చాయి. తరవాత కొత్తది మొదలుపెట్టాడు. ఇళ్ళు కట్టిన అలవాటు కొద్దీ రసమట్టం పెట్టి చూసుకుని గట్టు బిగించేశాడు. ఒడ్డున దిమ్మల మీద నిలబెట్టిన పడవ కాస్త ముక్కు దించుకుని ఉంటుందన్న సంగతి ఆలోచించలేదు. ఇక్కడ మట్టంగా ఉన్నది నీళ్ళలోకి వెళ్ళాక ఏటవాలుగా తేలుతుంది. వెండెల్ అది చూశాడు. చూసినా మర్యాదస్తుడు కదా, చెప్పడు. రోజూ వచ్చి పడవ పక్కన నిలబడి, "మా బాబాయి పడవలో సూపు ఎప్పుడూ వెనక్కే కారేది, పాపం," అని నిట్టూర్చి వెళ్ళేవాడు. నాలుగుసార్లు నిట్టూర్చాక ఓరిన్‌కి వెలిగింది. గట్టంతా ఊడబీకి, బయట పడవ ఒంటి మీద నీళ్ళ మట్టం చూపే నీటిగీత చూసుకుని మళ్ళీ కట్టాడు. మా రేవులో చెక్క ఎక్కువ ఖర్చయ్యేది ఈ మర్యాద వల్లే.

ఆ రోజుల్లోనే ఎల్వా ఒకసారి రుసరుసలాడుతూ వచ్చింది.

"పొద్దున గట్టు దగ్గర నిలబడి పిండి కలుపుతున్నానా, వెనకాల నుంచి వచ్చి మోచేతికి బద్ద ఆనించాడు. 'ఏంటయ్యా, శవపేటికకి కొలతలా? నేనింకా పోలేదు' అన్నా. 'కదలకు' అన్నాడు. అంతే, ఇంకో ముక్క లేదు. పెళ్ళికి కూడా ఇలాగే అడిగాడు నన్ను."

"ఎందుకో తెలుసుగా నీకు?" అన్నాను.

ఆవిడ కిటికీలోంచి యార్డు వైపు చూసింది. "సుత్తి దెబ్బ వింటే ఆయనేనని తెలిసిపోతుంది," అంది. "మంచోడు. మంచోళ్ళతోనే కష్టం."

అది అప్పుడు నాకు ఎక్కలేదు.

పని పూర్తయ్యాక ఓరిన్ నన్ను పిలిచి చూపించాడు. పిలిచాడంటే, నా గుమ్మం ముందు నిలబడి దగ్గాడు. లోపలికి దిగి చూశాను. అంతా ఎడమచేతికి. సొరుగులు ఎడమ పక్కకి, చెంచాలు ఎడమ పక్కకి, గిన్నెల అర ఎడమచెయ్యి చాస్తే అందేచోట. నీళ్ళకి కాలితో తొక్కే పంపు, చెయ్యి ఖాళీగా ఉండాలని. పడవ ఎటు ఒరిగినా నిటారుగా ఉండేలా ఇరుసుల మీద ఊగే పొయ్యి. వంటమనిషి పడిపోకుండా ఆనుకోవడానికి వెడల్పాటి నడుం పట్టీ, దాన్ని కుట్టింది నేనే. అన్నిటికంటే నన్ను పడగొట్టింది ఒక చిన్న చెక్క పలక. దానిలోంచి రెండు తుప్పు పట్టని మేకులు పైకి పొడుచుకుని ఉన్నాయి. బంగాళాదుంపని వాటికి గుచ్చితే ఒంటిచేత్తో తొక్క తీసుకోవచ్చు. ఇక సొరుగులకి చూద్దును కదా, అన్నిటికీ పిడులున్నాయి!

హేజెల్‌ని నీళ్ళలోకి దించారు. నేను ఎల్వా ఇంటికి వెళ్ళి, "ఈ పూట రేవు దగ్గర గాలి లేదు, ఎండ బావుంది," అన్నాను. ఆవిడ నవ్వి స్వెటరు తొడుక్కుంది.

పడవలోకి ఒక్కో మెట్టే దిగింది. ప్రతి మెట్టుకీ ఎడమ పక్కన పట్టుకోవడానికి కొత్త పిడి ఉంది. ఓరిన్ వెనకాలే, ముట్టుకోకుండా రెండు చేతులూ చాపి పట్టుకుని దిగాడు. ఎల్వా గట్టు ముందు నిలబడింది. మోచెయ్యి గట్టు మీద ఆనింది, ఎత్తాల్సిన పనీ వంగాల్సిన పనీ లేకుండా. పంపు తొక్కింది. సొరుగులు లాగింది. బుట్టలోంచి బంగాళాదుంప ఒకటి తీసి, మేకులకి గుచ్చి, నెమ్మదిగా తొక్కంతా తీసింది. తీసి దాన్ని అలా పట్టుకుని ఏడ్చేసింది.

"ఎంత పని చేశావయ్యా ముసలోడా!"

ఓరిన్ గొంతు సవరించుకున్నాడు. "శనివారం గాలి బావుంటుందంటున్నారు."

హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. ఎల్వా కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగింది. "గ్రెటా, ఆయనతో చెప్పు..." అని ఆగిపోయింది. "వద్దులే. నేనే చెబుతా."

ఆయన వైపు తిరిగింది.

"ఓరిన్, ఇంత మంచి వంటిల్లు నేనెక్కడా చూళ్ళేదు. కానీ నాకిది వద్దు. చెయ్యి బావున్నప్పుడు కూడా వద్దనే ఉండేది. ఆ గుండ్రటి కిటికీ చూడు, అన్నం పళ్ళెమంత లేదు. ముప్పై ఏళ్ళు సముద్రాన్ని అందులోంచే చూశాను. ఇంకెన్ని వేసవులున్నాయో నాకు! చుక్కాని ఇవ్వు నాకు. దానికి ఒక చెయ్యి చాలు."

ఓరిన్ మొహం చెక్కలా అయిపోయింది.

"మరి వంట?" అన్నాడు.

"ఊరందరికీ వంటిళ్ళు కట్టావుగా."

"ముందే చెప్పొచ్చుగా!"

"ముందే అడగొచ్చుగా!"

ఆయన మెట్లెక్కి పైకెళ్ళాడు. రేవు చెక్కల మీద అడుగుల చప్పుడు దూరమైంది. ఎల్వా గట్టు అంచు పట్టుకుని నిలబడింది. "అమ్మేస్తాడే గ్రెటా," అంది. "నోరు మూసుకుని ఉండాల్సింది నేను." ఆవిడ అలా అనగా విన్నది అదే మొదలు. నాకు ఓరిన్ మీద ఎంత ఒళ్ళు మండిందో చెప్పలేను. ఎదురుగా ఉంటే ఆ మేకులన్నీ మింగించేదాన్ని.

అడుగులు మళ్ళీ దగ్గరకొచ్చాయి. పై నుంచి ఒక చెక్క బద్ద కొస కనిపించింది, దాని వెనక ఓరిన్ తల.

"పైకి రా," అన్నాడు.

ఆవిడని చుక్కాని పక్కన కూర్చోబెట్టాడు. మోచేతికి బద్ద ఆనించి, పెన్సిలు చెవి మీద నుంచి తీశాడు. గీత గీయబోయి ఆగాడు. ఆయన పెదాలు రెండుసార్లు కదిలి మూసుకున్నాయి. తాళం తుప్పు పట్టిన తలుపు తెరుస్తున్నట్టుంది చూసేవాళ్ళకి.

"నీకెలా కావాలి?" అన్నాడు.

శనివారం ముగ్గురం బయల్దేరాం. ఎల్వా చుక్కాని పిడి ఎడమచేత్తో పట్టుకుని, జుట్టు గాలికి వదిలేసి కూర్చుంది. తెరచాప చూసుకునే పని నాది. కింద నుంచి ఓరిన్ పాట్లు వినిపిస్తున్నాయి. గట్టు ఎల్వా మోచేతి ఎత్తుకి కట్టింది, ఈయనేమో ఆరడుగుల మనిషి. కుడిచేత్తో చెంచా కోసం వెతికితే గోడ తగులుతోంది. తల రెండుసార్లు దూలానికి కొట్టుకుంది, అప్పుడన్న మాటలు ఇక్కడ రాయను. హ్యాడక్ చేప, పాలు, బంగాళాదుంపలతో చౌడర్ అనే చిక్కటి సూపు కాస్తున్నాడు.

"ఎవడు కట్టాడీ వంటిల్లు?" అని అరిచాడు.

"మంచోడే పాపం, చెబితే వినడు," అని అరిచింది ఎల్వా.

గొర్రెల దీవి దాటేటప్పుడు పడవ కాస్త ఒరిగింది. కింద గిన్నె చప్పుడు ఆగింది. గుండ్రటి కిటికీలో ఓరిన్ చెవి, సగం బుగ్గ కనిపించాయి.

"ఎల్వా! పైనేం కనిపిస్తోంది?"

నేను ఎల్వా వైపు చూశాను. నాలిక చివర 'నీళ్ళు' అన్న ఆ ఒక్క ముక్కే ఉంటుందనుకుని ముందే నవ్వు ఆపుకుంటున్నాను. దాన్ని తిరిగి అప్పజెప్పే హక్కు ఆవిడకి ఉంది.

ఎల్వా కాసేపు ఎదురుగా చూసింది.

"రాళ్ళ మీద సీళ్ళు ఎండ కాగుతున్నాయి," అంది. "ఏడో ఎనిమిదో. ఒకటి మరీ బొద్దుగా ఉంది, వెండెల్‌లా వెల్లకిలా పడుకుంది. లైట్‌హౌస్‌కి సున్నం కొట్టారు ఓరిన్, సగం కొట్టి ఆపేశారు. దీవి అవతల నీళ్ళు ముదురు ఆకుపచ్చ, ఇవతల బూడిదరంగు, మధ్యలో గీత గీసినట్టుంది. దూరంగా మబ్బుంది, మనకి రాదులే. ఇంకా చెప్పనా?"

"చెప్పు," అంది కిటికీ.

ఆవిడ చెబుతూనే ఉంది. కింద గరిట తిప్పే చప్పుడు వినిపించలేదు. చౌడర్ అడుగంటింది. ముగ్గురం మారు మాట్లాడకుండా తిన్నాం.