ఆరు తోలు ముక్కల అచ్చు

కొలతకి బూట్లు కుట్టడంలో ఆ వీధికి ఆయనే పెద్ద. "బిగుతుగా ఉందయ్యా" అని ఎవరైనా అంటే చాలు, వాళ్ల పాదం కొలతకి చెక్కిన చెక్క అచ్చు తీసి, ఒరుసుకునే చోట ఓ తోలు ముక్క అతికించి, దాని మీద కొత్త బూటు కుట్టిచ్చేవాడు. నలభై ఏళ్లుగా అదే వైద్యం. తన కాలికీ అదే చేసుకున్నాడు మహానుభావుడు!

కుడికాలి బొటనవేలు మొదటిసారి వాచినప్పుడు దుప్పటి తగిలినా ప్రాణం పోయినంత పనయ్యేది. తప్పంతా బూటుదే అని తేల్చేసి, తన అచ్చుకి ఓ ముక్క అతికించాడు. వాపు మళ్లీ వచ్చింది, ఇంకో ముక్క అతికించాడు. నాలుగేళ్లలో అయిదయ్యాయి. అయిదోసారి పద్దెనిమిది రోజులు పని ఆగింది. కుట్టే బూటుని తొడ మీద పెట్టుకుని, దాని మీదుగా వేసిన పట్టీని కుడిపాదంతో తొక్కిపట్టాలి మరి. ఎడమకాలితో తొక్కితే కుట్టు వంకర పోయింది.

"ఈ ఏడాదితో కొట్టు మూసేద్దామే" అన్నాడు భార్యతో.

ఆవిడా అదే కొట్లో తోలు కత్తిరించేది, లోపల బెదిరింది. పైకి మాత్రం తగ్గలేదు. "మూసేసి ఇంట్లో కూర్చుని నన్ను సాధిద్దామనా? పద డాక్టరమ్మ దగ్గరికి!"

రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ చెప్పింది. "ఇది గౌట్. యూరిక్ యాసిడ్ ఎక్కువై కీలులో పలుకుల్లా పేరుకుంది. నొప్పి బిళ్ల ఆ పూటకే. ఈ పెద్ద బిళ్ల రోజూ వేసుకుంటే పలుకులు మెల్లగా కరుగుతాయి. మొదట్లో నొప్పి తిరగబెట్టొచ్చు, అందుకే ఈ చిన్న బిళ్ల తోడుగా ఇస్తున్నా. దేన్నీ ఆపకండి."

నొప్పి లేనప్పుడు చిన్న బిళ్లెందుకని దాన్ని పక్కన పడేశాడు. మూడో వారం చుక్కలు కనిపించాయి. "వేసుకున్నాకే వచ్చింది, ఈ మందు కూడా బిగుతు బూటు లాంటిదే!" అని బిళ్లలన్నీ చెత్తబుట్టలో విసిరేసి, అచ్చుకి ఆరో ముక్క అతికించాడు. ఎంత మొండిఘటం!

భార్య ఆ బిళ్లల అట్టలు ఏరుకుని, అచ్చు చంకలో పెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికెళ్లింది. అచ్చు చూసి డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది.

"మందు పనిచెయ్యడం మొదలెట్టిందమ్మా. పాత పలుకులు కరిగేటప్పుడు ఇలా అవుతుంది. రెండూ కలిపి వేయించండి. యాసిడ్ ఆరుకన్నా కిందికి దిగేదాకా మోతాదు మెల్లగా పెంచుదాం."

ఇంటికొచ్చి భార్య ఒకటే మాట అంది. "ఇంకో ముక్క అతికించావో, ఈ అచ్చు పొయ్యిలో పెడతా."

ఆ రోజు నుంచి బిళ్లలు దారానికి రాసే మైనం డబ్బాలో చేరాయి. డబ్బా తియ్యనిదే పని మొదలవదు కదా, మరిచే వీల్లేదు. మధ్యలో ఒకసారి నొప్పొచ్చింది, రెండు రోజుల్లో సర్దుకుంది. ఆ తర్వాత రాలేదు. చిన్న బిళ్ల డాక్టరమ్మే ఆపించింది. ఏడాదికి యాసిడ్ అయిదున్నరకి దిగింది.

ఆ సంతోషంలో అదే అచ్చు మీద తనకి కొత్త బూట్లు కుట్టుకున్నాడు. వేసుకుని రెండడుగులు వేశాడో లేదో, కుడి బూటు ఊడి వెనకే ఉండిపోయింది.

"పెద్దదైపోయిందేమే!" అన్నాడు బిత్తరపోయి. ఆవిడ పడీపడీ నవ్వింది.

ఆయన అచ్చు ఒళ్లో పెట్టుకుని, కత్తితో ఆరు ముక్కలూ ఒక్కొక్కటే ఒలిచేశాడు. చివరిది ఊడేసరికి కళ్లు తడిశాయి. పట్టీ కుడిపాదం కిందకి లాగి గట్టిగా తొక్కాడు.

"కొట్టెప్పుడు మూస్తున్నామయ్యా?" అంది ఆవిడ.

"మూసేదేంటి! ఆ మైనం డబ్బా ఇటివ్వు, ఇవాళ బిళ్ల వేసుకోలేదు."