మా వంతు నీళ్ళు, పెదనాన్న పురుగులు

మా చిన్నప్పుడు చోడవరం దగ్గర మా ఊళ్ళో కాలవ నీళ్ళకి వంతులుండేవి... మా వంతు శుక్రవారం. ఆ ఏడు మృగశిర దాటినా చినుకు లేదు. అమ్మ చల్లిన నారుమడి నెర్రెలు విచ్చుతోంది. శుక్రవారం ఎప్పుడొస్తుందా అని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నాం.

గురువారం పెదనాన్న వచ్చాడు. నాన్నకి అన్న, ఊళ్ళో పెద్దరైతు. ఆయన చెరుకుతోట వాడిపోతోంది. దుబ్బు పీకి చూస్తే వేళ్ళ దగ్గర గోధుమరంగు పెంకుపురుగులు... తోట నిండా నీళ్ళు నిలగడితే ఊపిరాడక చస్తాయని ఆయన నమ్మకం. దానికి ఆయన వంతు చాలదు. మాదీ కావాలి.

నాన్న తల దించుకున్నాడు. అన్న ముందు ఎప్పుడూ అంతే. తలుపు చాటునుంచి అమ్మే అంది.

"మా నారు ఎండిపోతాది బావగారూ..."

"నీ గుప్పెడు నారు కోసం ఊరి చెరుకంతా పురుగుపాలు సెయ్యమంటావేటి?"

అంతే! శుక్రవారం మా నీళ్ళు ఆయన తోటలోకి పోయాయి.

మర్నాడు మధ్యాహ్నం గండి కొట్టి నీళ్ళు తీశారు. కాళ్ళు ముడుచుకుని వెల్లకిలా పడున్న పురుగుల్ని గంపలకెత్తి గట్టు మీద కుప్ప పోశారు. పెదనాన్న ఊరందర్నీ పిలిపించాడు.

"సూడండ్రా! ఆఫీసర్లొచ్చినా ఇలాగ సెయ్యగలరేటి?"

నేను కుప్ప పక్కనే గొంతుకూర్చున్నాను. ఎండ తగిలింది... ఒక కాలు కదిలింది. తర్వాత ఇంకోటి. కాసేపటికి కుప్పే కదిలింది. ఒక్కొక్క పురుగే బోర్లా తిరిగి, తీరుబాటుగా, చెరుకు వైపు నడక మొదలెట్టింది.

"పెదనాన్నా, నడుస్తన్నాయి!" అని అరిచాను. చెంప ఛెళ్ళుమంది.

"సచ్చినవి నడుస్తాయేట్రా, గుంటడా!"

ఊరంతా చూస్తూనే ఉంది. అందరూ పెదనాన్న మాటకే తలలూపారు. పైగా ఒకాయన "అన్నీ సచ్చేయి బాబూ, ఒక్కటీ మిగల్లేదు" అన్నాడు... పురుగుల మీద పడకుండా కాళ్ళు వెనక్కి తీసుకుంటూ! ఒకటి మా నాన్న బొటనవేలి మీంచి పాకింది. నాన్న దాన్ని చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు.

మా నారు ఎండిపోయింది. అమ్మ బుచ్చయ్యపేటలో పుట్టింటికి నడిచి వెళ్ళి, వదినల ముందు నిలబడి, మిగిలిన నారు అడిగి తెచ్చింది. అది సగం మడికీ రాలేదు. అక్కడ ఏమన్నారో అమ్మ ఎప్పుడూ చెప్పలేదు...

తర్వాత చాలా పుస్తకాలు చదివాను. నేలలో బతికే పెంకుపురుగులు కొన్నింటికి వరద కొత్త కాదు. మునిగితే కదలడం మానేస్తాయి. ఒంట్లో పనంతా దాదాపు ఆపేసి, గాలి అందకపోయినా రోజుల తరబడి పడి ఉండగలవు. చూస్తే చచ్చినట్టే ఉంటాయి. మళ్ళీ గాలి తగిలితే లేస్తాయి. ఇది తెలియకపోవడం పెదనాన్న తప్పని నేననను. కళ్ళెదుట లేచి నడుస్తున్నా ఒప్పుకోకపోవడమే తప్పు. చూసిందాన్ని చూడలేదన్న ఊరిది ఇంకా పెద్ద తప్పు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న మా ఊరి గ్రూపులో పెదనాన్న కొడుకు పెద్ద పోస్టు పెట్టాడు. వాళ్ళ నాన్న నీళ్ళతో పురుగుని చంపి ఊరి చెరుకుని కాపాడాడట! కింద దండాల బొమ్మలూ, పువ్వులూ.

ఎవరి నీళ్ళు తమ్ముడూ అవి? ఆ ఏడు మీ తోటే సగం పడిపోయింది కదా... అది రాయలేదేం?

ఇప్పుడు మా వైపు వంతులు లేవు. ఎవరి బోరు వాళ్ళది, స్విచ్ నొక్కితే నీళ్ళు. తలుపు చాటునుంచి ఎవరూ ఎవర్నీ బతిమాలక్కర్లేదు. మంచిదే.

కానీ మీ ఇళ్ళల్లోనూ వంతు పోగొట్టుకుని నోరెత్తని ఆడమనిషి ఒకావిడ ఉండే ఉంటుంది... ఆవిడ గురించి కింద రాయండి. పెద్దమనుషుల గురించి రాయడానికి వాళ్ళ కొడుకులున్నారు.