విజయశ్రీ రాసిన క్లారినెట్ చుక్కలు

విజయశ్రీ ఇల్లు కమ్మింగ్ అనే ఊళ్లో, ఉద్యోగం కొండల వైపు. అక్కడ నాలుగైదు బడులుండే చిన్న స్కూల్ డిస్ట్రిక్టుల్లో చూపులేని పిల్లలు ఒక్కోచోట ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్ల కోసం ఏ డిస్ట్రిక్టూ విడిగా టీచర్ని పెట్టుకోలేదు. అందుకే అన్నీ కలిసి నడుపుకునే సహకార సంస్థ ఆమెను నియమించి బడిబడికీ పంపుతుంది. కారు వెనక సీటు నిండా బ్రెయిల్ పుస్తకాలు, వాటి మీద పులిహోర డబ్బా.

"మిస్ విజయా, బ్యాండ్‌లో చేరాను. క్లారినెట్. నాకు పాటల నోట్స్ కావాలి" అంది ఆ పిల్లల్లో ఒకతైన ఆరో తరగతి హ్యాడ్లీ.

బ్రెయిల్‌లో సంగీతం రాసే పద్ధతి వేరు. విజయశ్రీకి అది రాదు, అసలు సంగీతమే రాదు. సంస్థలో మరెవరికీ రాదు. అయినా "చూద్దాం" అని ఇంటికొచ్చి నేర్చుకోవడం మొదలుపెట్టింది.

"ఒకసారి డి అంటావు, ఒకసారి సి అంటావు. ఏదో ఒకటి ఫిక్స్ చేసుకో" అన్నాడు భర్త యోగానంద్.

"అదేనండీ గోల. మామూలుగా డి అని చదివే చుక్కలే ఇందులో సి స్వరం. వేళ్లు పాత అలవాటు వదలట్లేదు."

క్లారినెట్‌కి రెండు చేతులూ కావాలి. అందుకని హ్యాడ్లీ ఒక వరుస తడిమి, బట్టీపట్టి, అప్పుడు వాయించేది. మధ్యలో ఆగి, "ఇది తప్పు" అనేది.

"పుస్తకంలో అలాగే ఉంది."

"పుస్తకం కాదు, మీరు."

విజయశ్రీ నవ్వి, తప్పు చుక్కను గోటితో అణిచి మళ్లీ పొడిచేది.

డిసెంబర్ కచేరీకి ముందు హ్యాడ్లీ జలుబు చేసి చివరి రిహార్సల్‌కి రాలేదు. దాంతో ఆఖరి పాట నోట్స్ బ్యాండ్‌తో సరిచూసుకోలేదు. కచేరీ రోజు ఆఖరి పాటలో బ్యాండంతా కింది స్థాయికి దిగింది. హ్యాడ్లీ క్లారినెట్ ఒక్కటే పైకి ఎక్కింది. విజయశ్రీకి వెంటనే అర్థమైంది: స్థాయి చెప్పే గుర్తు తనే తప్పు వేసింది.

చప్పట్లు ఆగగానే వేదిక వెనక్కి పరుగెత్తింది. "సారీ అమ్మా, తప్పు నాది."

"ఇంట్లో వాయించినప్పుడే నాకు తెలిసింది. పైనే బాగుందని చెప్పలేదు" అంది హ్యాడ్లీ.

విజయశ్రీ కోప్పడాలనుకుంది గానీ నవ్వాగలేదు. బ్యాండ్ మాస్టారు మాత్రం, "ఈసారి పైకెక్కే ముందు నాకొక మాట చెప్పు" అన్నాడు.

ఇప్పుడు పక్క డిస్ట్రిక్టుల పిల్లలకూ విజయశ్రీయే నోట్స్ రాస్తోంది. రాసిన ప్రతి కాగితమూ ముందుగా హ్యాడ్లీ చేతికి వెళ్తుంది. తప్పులుంటే చెప్పడానికి ఆ పిల్ల మొహమాటపడదు.